ఆ అమ్మాయి మళ్ళీ మీ వైపు చూడాలంటే

ప్రశ్న: నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. పుట్టి పెరిగింది పట్టణంలో. ఈ బడికి వచ్చి ఇది రెండో ఏడు. నాకు ముందు ఈ పోస్టు ఏడాదికి పైగా ఖాళీగా ఉందట. తొమ్మిదో తరగతిలో 42 మంది పిల్లలు. వారిలో పదిహేను మంది దాకా దగ్గరి తండా నుంచి నడిచి వస్తారు. మొదటి ఏడంతా నన్ను దూరంగానే చూశారు. ఈ ఏడు కాస్త దగ్గరవుతున్నారనుకుంటుండగా నా వల్ల ఒక పొరపాటు జరిగింది.

ఒక అమ్మాయి లెక్కల్లో చురుకైనది. జనవరి నుంచి సోమవారం నాడు హోంవర్కు తేవడం లేదు. విడిగా పిలిచి అడిగితే చేతులు చూపించింది. ఆదివారాలు తల్లితో కలిసి మిరపకాయల తొడిమలు తీయడానికి వెళుతుందట. వేళ్ళు మండిపోయి పెన్ను పట్టుకోలేకపోతోందట. తండ్రి సంపాదన తాగుడికే పోతుందని, అందుకే తానూ పనికి వెళ్ళవలసి వస్తోందని చెప్పింది. నాకు కడుపు తరుక్కుపోయింది. ఎవరైనా దారి చూపిస్తారేమోనని ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆ సంగతి చెప్పాను. రెండు రోజుల తరువాత మరో ఉపాధ్యాయుడు తరగతిలో అందరి ముందూ ఆమెను నిలబెట్టి, “మీ నాన్న సంగతి మాకు తెలుసులే, కూర్చో” అన్నారు.

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నా వైపు చూడదు. ఏమడిగినా “ఏమీ లేదు టీచర్” అంటుంది. మిగతా పిల్లలూ బిగుసుకుపోయారు. “అర్థమైందా?” అంటే అందరూ ఒక్క గొంతుతో “అర్థమైంది టీచర్” అంటారు. పరీక్ష పెడితే సగం మందికి రాదు. “చనువిస్తే నెత్తికెక్కుతారు, ఇలా ఉండటమే నయం” అని తోటివారు అంటున్నారు. శిక్షణ తరగతులకు వెళితే పిల్లల్లో స్ఫూర్తి నింపమంటారు. నన్ను నమ్మని పిల్లల్లో స్ఫూర్తి ఎలా నింపాలి?

ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

సమాధానం: అమ్మా, ఆ మాట మీరు స్టాఫ్ రూములో ఎందుకు చెప్పారో నాకు తెలుసు. ఒక్కరే మోయలేక చెప్పారు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేసినదాన్ని, ఆ బరువు నాకూ తెలుసు. అయినా మొహమాటం లేకుండా ఒక సంగతి చెప్పాలి. తప్పు ఆ ఉపాధ్యాయుడి దగ్గర మొదలు కాలేదు.

“ఇంటి గుట్టు లంకకు చేటు” అని వింటూ పెరిగే పిల్లలు మన పిల్లలు. ఇంట్లో తండ్రి తాగి పడిపోయినా “జ్వరం టీచర్” అని చెప్పడం రెండో తరగతిలోనే నేర్చుకుంటారు. అలాంటిది, పద్నాలుగేళ్ళ పిల్ల తన చేతులు చాచి మీకు చూపించింది. తండ్రి మాట కూడా చెప్పింది. చెప్పాలా వద్దా అని ఎన్ని రోజులు తనలో తాను తర్కించుకుందో! ఆ సంగతి తెలిసినది మీ ఒక్కరికే కాబట్టి, అది ఎవరి నోటి నుంచి బయటికి వచ్చిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. మీరు జాలితో చెప్పారని ఆమెకు తెలిసే దారి లేదు. తన ఇంటి మాట నలభై మంది ముందు వినిపించిందన్నది మాత్రమే ఆమెకు తెలుసు.

కాబట్టి ముందు చేయవలసింది ఒకటే. ఆమెను క్షమాపణ అడగండి. ఎలా అడగాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మంచి టీచర్లే ఎక్కువగా తడబడతారు. స్టాఫ్ రూముకు పిలిపించవద్దు. ఖాళీ గదిలోనూ వద్దు. వరండాలో, నలుగురికీ కనిపించేలా, ఎవరికీ వినిపించకుండా నిలబడి మూడు వాక్యాలు చెప్పండి. “నువ్వు నాకు చెప్పిన మాట, నిన్ను అడగకుండా ఇంకొకరికి చెప్పాను. తప్పు నాది. ఇంకెప్పుడూ అలా చేయను.” అంతటితో ఆపేయండి. “నీ మంచి కోసమే చెప్పాను” అనే నాలుగో వాక్యం మీ నాలుక చివరకు వస్తుంది, దాన్ని మింగేయండి. అది అన్నారంటే క్షమాపణ పోయి సంజాయిషీ మిగులుతుంది. “నన్ను క్షమించావా?” అని అడగనే వద్దు. తొమ్మిదో తరగతి పిల్ల టీచరుతో “లేదు” అనలేదు. “పరవాలేదు టీచర్” అని మీ మనసు కుదుటపడేలా ఏదో అంటుంది, ఆ భారం కూడా ఆమె మీదే వేసినట్లవుతుంది. ఆమె తల దించుకుని వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి.

ఆ ఉపాధ్యాయుడితో కూడా మాట్లాడండి, ఒంటరిగా. “ఆ మాట నా నుంచే బయటికి వచ్చింది, కాబట్టి మీకంటే ముందు నాదే తప్పు. ఇక ఆ పిల్ల దగ్గర ఆ ప్రస్తావన రానివ్వవద్దు” అని చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. తరగతి ముందు ఆయన చేత క్షమాపణ చెప్పించాలని మాత్రం చూడకండి. మానిపోబోతున్న పుండును మళ్ళీ నలుగురి ముందు విప్పి చూపించినట్లవుతుంది. మీరు కూడా తరగతిలో ఆ విషయం ఎత్తవద్దు.

ఇక ముందు ఏ పిల్లయినా మీ దగ్గరకు వచ్చి “టీచర్, ఎవరికీ చెప్పరుగా?” అంటే ఏమనాలి? “చెప్పను” అని మాట ఇవ్వవద్దు. నిలబెట్టుకోలేని రోజు రావచ్చు. “నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను” అనండి. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా పిల్లలకు బాగా తెలుస్తుంది. పిల్లకు ప్రమాదం ఉన్నప్పుడు మౌనంగా ఉండే హక్కు మనకు లేదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి చేయబోతున్నారని విన్నా, ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని పిల్లే చెప్పినా, ఇంట్లో ఒళ్ళు వాతలు తేలేలా కొడుతున్నారని తెలిసినా ప్రధానోపాధ్యాయుడికి చెప్పాలి, పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి. అప్పుడు కూడా ముందు పిల్లకే చెప్పండి. “ఇది నేను ఒక్కదాన్ని ఆపలేను. ఫలానా వారికి చెబుతున్నాను. చెప్పేటప్పుడు నీ పక్కనే ఉంటాను” అనండి. మీ ఉత్తరంలోని అమ్మాయి సంగతి ఇవాళ అంత దాకా వచ్చినట్లు లేదు. కానీ కన్నేసి ఉంచండి. ఆదివారం పని శనివారానికి, శుక్రవారానికి పాకినా, బడి మానిపించే మాట వినిపించినా ఆలస్యం చేయవద్దు.

ఇప్పుడు మిగతా 41 మంది గురించి.

నేను చేరిన కొత్తలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. పాఠం త్వరగా ముగిస్తే శనివారం చెరువుకట్ట మీదకు తీసుకెళతానని, అక్కడ తూము ఎలా పనిచేస్తుందో చూపిస్తానని పిల్లలకు చెప్పాను. ఆ శనివారం ఏదో మీటింగు వచ్చింది. తరువాతి వారం వాన. ఆ తరువాత నేనే మరిచిపోయాను. నెల గడిచాక మళ్ళీ అదే మాట అంటే ఒక్క తల కూడా పైకి లేవలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ విసుక్కోలేదు, రాసుకుంటున్నది రాసుకుంటూనే ఉన్నారు. నా మాట వాళ్ళకు కిటికీ బయట పోతున్న బండి చప్పుడుతో సమానమైపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు నల్లబల్లకు కుడివైపు పైమూల ఒక గడి గీసి “టీచరు బాకీలు” అని రాశాను. మొదటి బాకీ: చెరువుకట్ట. రెండోది: దిద్దని పటాల నోటుబుక్కులు. మూడోది: వెనుక బెంచీ అబ్బాయి అడిగిన ప్రశ్న, దానికి నేను “రేపు చెబుతా” అని వారం దాటింది. బాకీ తీరిన రోజున పిల్లల్లో ఒకరు వచ్చి చెరిపేయాలి. నేను చెరపకూడదు. రెండు నెలల్లో ఆ గడి చూసుకోవడం వాళ్ళకు అలవాటైంది. అన్నిటికంటే ముఖ్యంగా, నాకు నోరు జారి మాట ఇవ్వడం తగ్గింది. మీరూ అలాంటి గడి ఒకటి గీయండి. “సోమవారానికి పేపర్లు దిద్ది ఇస్తాను” వంటి చిన్న మాటలతోనే మొదలుపెట్టండి. మీకు ముందు ఏడాదికి పైగా పోస్టు ఖాళీగా ఉందని రాశారు. అంటే టీచర్లు వస్తారు, పోతారు, మాట ఇస్తారు, ఉండరు అని మీరు రాక ముందే ఆ పిల్లలు నేర్చుకుని ఉన్నారు. మొదటి ఏడు వాళ్ళు దూరంగా ఉన్నది మిమ్మల్ని చూసి కాదు.

“అర్థమైందా?” అనే ప్రశ్నను ఇవాళే మానేయండి. దానికి మన బడుల్లో ఒకే జవాబు ఉంది. కాలేదని చేయి ఎత్తితే ఆ పిల్ల ఒక్కతే అందరి ముందు మొద్దు అవుతుంది. బదులుగా “ఏ మెట్టు దాకా వచ్చారు, ఎక్కడ ఆగిపోయారు?” అని అడగండి. ఆగిపోవడం మామూలు విషయమని ఆ ప్రశ్నే చెబుతుంది. అడిగాక ఆగండి. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త సైన్సు తరగతుల టేపులు విని చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచేసరికి పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు మెదపనివాళ్ళు మాట్లాడారు. మూడు సెకన్లంటే వినడానికి ఏముంది అనిపిస్తుంది. 42 జతల కళ్ళు మీ వైపు చూస్తుండగా నిలబడి చూడండి, యుగంలా ఉంటుంది. మనసులో ఐదు లెక్కపెట్టుకోండి.

తప్పు జవాబు వచ్చినప్పుడు మీ ముఖం ఎలా మారుతుందో పిల్లలు మీకంటే ముందే గమనిస్తారు. తొమ్మిదో తరగతిలో ఎ, బిల మొత్తానికి వర్గం రాయమంటే ఎ వర్గం, బి వర్గం కలిపి ఊరుకునే పిల్లలు సగం మంది ఉంటారు, మీకు తెలియనిది కాదు. “తప్పు, కూర్చో” అనవద్దు. “సరే, మూడు, నాలుగు పెట్టి చూద్దాం” అనండి. ఏడుకు వర్గం 49. తొమ్మిది, పదహారు కలిపితే 25. మిగిలిన 24 ఎక్కడికి పోయింది? నల్లబల్ల మీద నిలువుగా ఏడు, అడ్డంగా ఏడు గళ్ళ చతురస్రం గీసి అందరినీ వెతకమనండి. మూడు గళ్ళ చతురస్రం ఒక మూల, నాలుగు గళ్ళది ఎదురు మూల గుర్తు పెట్టాక, మిగిలిన రెండు మూలల్లో మూడు నాలుగుల దీర్ఘచతురస్రాలు రెండు బయటపడతాయి. పన్నెండు, పన్నెండు. అది దొరికిన క్షణాన తప్పు చెప్పిన పిల్లవాడే ఆ రోజు పాఠానికి కారణమవుతాడు. ఆ మాట పైకి అనండి కూడా. “నువ్వు అలా అనబట్టే ఇది దొరికింది.” అబద్ధం కాదు కదా.

తండా నుంచి వచ్చే పదిహేను మంది గురించి ఒక్క మాటే రాశారు. నాకు మాత్రం మనసు అక్కడే ఆగింది. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బడిలో వినేది మీ పట్టణపు తెలుగు. గిడుగు రామమూర్తి పంతులుగారిని మనం వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. ఆయన మొదట బడిపంతులు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో చుట్టుపక్కల కొండల మీది సవరల మాట ఎవరికీ పట్టడం లేదని, సవర భాష తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని తానే నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పాఠపుస్తకాలు రాశారు, వాళ్ళ కోసం బడులు పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించారు. ఇంటి భాషను బయట వదిలి రమ్మన్న బడిలో పిల్లవాడు సగం మనిషిగానే కూర్చుంటాడని ఆయనకు తెలుసు. మిమ్మల్ని వ్యాకరణం రాయమనడం లేదు. ఒకటి నుంచి ఇరవై దాకా లంబాడీలో ఎలా లెక్కిస్తారో ఆ పిల్లల చేత చెప్పించుకోండి. వాళ్ళు దిద్దుతుంటే మళ్ళీ మళ్ళీ పలకండి. నేర్చుకునేవాళ్ళు తడబడితే ఎలా ఉంటుందో టీచరుకూ తెలుసని ఆ పిల్లలు కళ్ళారా చూస్తారు.

అంత మందితో దగ్గరవడం ఎలా అని మీకు అనిపిస్తుంది. మీరు లెక్కల టీచరు, లెక్క వేద్దాం. రోజుకు ఇద్దరు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. 42 మందికి 21 పనిదినాలు. ఇంటర్వెల్‌లోనో, మధ్యాహ్న భోజనం వరుసలోనో చాలు. ఇంటి సంగతులు అడగవద్దు. వాళ్ళకు బాగా తెలిసినది, మీకు తెలియనిది అడగండి. పత్తికీ మిర్చికీ నీళ్ళు ఎప్పుడు పెడతారు, తండా నుంచి అడ్డదారి ఎటు, ఆటల్లో ఎవరు బాగా పరిగెత్తుతారు. విన్నది తరువాత ఎప్పుడో గుర్తు పెట్టుకుని అడిగితే, అది వాళ్ళకు పెద్ద విషయం. ఆ అమ్మాయి వంతు మొదటి రోజునే పెట్టవద్దు. మధ్యలో, అందరిలో ఒకరిగా రానివ్వండి.

ఇళ్ళకు వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, కానీ ఆమె ఇంటికే నేరుగా వెళ్ళవద్దు. ఆ వీధిలో నాలుగైదు ఇళ్ళకు, కూలిపనుల నుంచి తిరిగి వచ్చే వేళకు, ఏ ఫిర్యాదూ లేకుండా వెళ్ళండి. టీచరు గడప తొక్కితే ఏదో కొంప మునిగిందనుకునే తల్లిదండ్రులే ఎక్కువ. “మీ అమ్మాయి లెక్కలు బాగా చేస్తుంది, చెప్పి పోదామని వచ్చాను” అంటే ఆ తల్లి ముఖం మీరు చాలా కాలం మరిచిపోలేరు. తాగుడు మాట మీ నోట రాకూడదు.

“చనువిస్తే నెత్తికెక్కుతారు” అన్న మీ తోటివారి మాటను నేను కొట్టిపారేయను. చనువు, నమ్మకం ఒకటి కావు. చనువు కోసం పాకులాడే టీచరు పిల్లల మెప్పు కోసం నియమాలు సడలిస్తుంది, ఇష్టమైనవారిని వెనకేసుకొస్తుంది. అప్పుడు నిజంగానే నెత్తికెక్కుతారు. నమ్మకం కావాలంటే న్యాయం అందరికీ సమానంగా ఉండాలి. కాపీ కొట్టిన సర్పంచి కొడుక్కి, తండా పిల్లవాడికి ఒకే శిక్ష ఉండాలి. శిక్ష అంటే బెత్తం అనుకోవద్దు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. నలుగురి ముందు తండ్రి పేరెత్తి కించపరచడం ఆ రెండో దాని కిందికే వస్తుందని నా అభిప్రాయం. మీ హద్దులు కూడా స్పష్టంగా ఉండాలి. రాత్రిపూట పిల్లలతో ఫోనులో సందేశాలు, తలుపు మూసిన గదిలో మాటలు, చేబదులు డబ్బులు వద్దు. హద్దు తెలిసిన మనిషి దగ్గరే పిల్లలు భయం లేకుండా ఉంటారు.

స్ఫూర్తి గురించి అడిగారు. సెప్టెంబరు 5 వచ్చిందంటే ప్రతి బడిలోనూ ఒక కథ చెబుతాం. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు వదిలి కలకత్తా వెళుతుంటే విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే లాగి రైల్వే స్టేషనుకు చేర్చారని. పిల్లలు చప్పట్లు కొడతారు, మనకూ కళ్ళు చెమరుస్తాయి. ఆయన మైసూరులో చేరింది 1918లో. ఆ బండి వెనుక మూడేళ్ళ పాఠాలున్నాయి. వాటి గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఎందుకంటే వాటిలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ ఉండదు. రోజూ వేళకు రావడం, చెప్పింది చేయడం, ప్రశ్నకు జవాబు వెతికి తేవడం. స్ఫూర్తి నింపాలని బయలుదేరకండి. పిల్లలేమీ ఖాళీ కుండలు కారు. మీ మీద నమ్మకం కుదిరితే, మీరు ఇష్టపడే లెక్కను వాళ్ళూ ఒకసారి తిప్పి చూస్తారు.

చివరగా ఆ చేతుల గురించి. మిరప ఘాటు ఉత్త నీళ్ళతో పోదు, ఆదివారం మంట సోమవారం దాకా ఉంటుంది. మిర్చి కోతలు ముగిసేదాకా సోమవారాల్లో మీ తరగతికి రాతపని పెట్టకండి. ఆమె ఒక్కతెకే కాదు, అందరికీ. నోటి లెక్కలు పెట్టండి, బల్ల దగ్గరకు పిలిచి చెప్పించండి, జట్లుగా పోటీలు పెట్టండి. హోంవర్కు మంగళవారానికి మార్చండి. ఎందుకో ఎవరికీ చెప్పవద్దు, ఆమెకు కూడా. ఆ తరగతిలో ఆదివారం చేతులు మండేది ఆమెకు ఒక్కతెకే కాకపోవచ్చు కూడా.

ఈ పిల్లలే జూన్‌లో పదో తరగతికి మీ ముందుకు వస్తారు. అప్పుడు నాకు మళ్ళీ రాయండి. ఆ అమ్మాయి మాట్లాడిందా లేదా అన్నది తొందరేమీ లేదు. మీ నల్లబల్ల మూలన ఎన్ని బాకీలు చెరిగాయో రాయండి.